చదవని కాగితం మీద వేలిముద్ర, గీయని ప్లాను మీద స్టాంపు

మన తాతల నాటి కాగితాలు ఇంట్లో ఇంకా ఉంటే ఒకసారి తీసి చూడండి. ట్రంకు పెట్టె అడుగున, మడతలు పడి, అంచులు చిరిగి ఉంటాయి. కింద ఒక మూల మసక మసకగా వేలిముద్ర. పైన ఏం రాశారో ఆ వేలు పెట్టినాయనకి తెలీదు. "ఊరికే ముద్రేయి నాయకా, మిగతాది నేను చూసుకుంటా కదా" అని షావుకారి అన్నాడు, ఈయన వేశాడు. ఆ ఒక్క ముద్రతో భూమి పోయింది.

ఆ ముద్ర గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. అమాయకుడి చేత చదవని కాగితం మీద ముద్ర వేయించుకోవడం మోసమని, ఆ కాగితం చెల్లదని కొట్లాడినాం. అది న్యాయమైన కొట్లాట. ఈరోజు వేరే ముద్ర గురించి మాట్లాడదాం. ఇది కొంచెం మనకే గుచ్చుకునే విషయం.

మన తాండాల నుంచి, ఎరుకల వాడల నుంచి, యానాది కాలనీల నుంచి పిల్లలు ఇప్పుడు పాలిటెక్నిక్‌లకి పోతున్నారు. సివిల్ డిప్లొమా, బీటెక్ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని పట్టణాల్లో ఆఫీసులు పెడుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ లైసెన్సు చేతికొచ్చిన మొదటి నెలలోనే ఒక మాట వాళ్ల చెవిన పడుతుంది. "అన్నా, ప్లాను మేమే గీసినాం. నువ్వు ఏమీ చేయాల్సిన పని లేదు. ఒక్క సంతకమే కదా."

తాతకి చదవడం రాదు కాబట్టి చదవకుండా ముద్ర వేశాడు. మనవడికి చదవడం వచ్చు, లెక్క వచ్చు. అయినా చదవకుండా స్టాంపు వేస్తే దాన్ని ఏమనాలి? తాత మోసపోయాడు. మనవడు మోసంలో భాగస్తుడవుతున్నాడు. ఆ స్టాంపు వల్ల నష్టపోయేది మళ్లీ మనలాంటి వాళ్లే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఈ మూడు పట్టణాలకీ మూడు రకాల ఊపు. హిందూపురానికి బెంగళూరు దగ్గర, కాబట్టి షెడ్లు, గోడౌన్లు, చిన్న పరిశ్రమలు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. పనికొచ్చినవాళ్లకి అద్దె గదులు కావాలి, రెండంతస్తులు ఉన్నచోట మూడు కావాలి. ధర్మవరంలో పట్టు మగ్గాలు, మరమగ్గాలు. ఇల్లే కార్ఖానా. ఈ మూడు చోట్లా కట్టుబడి పని ఆగేది లేదు. బేల్దారి పనికి, సెంట్రింగ్ పనికి, తట్ట మోసేదానికి పొద్దున్నే చుట్టుపక్కల తాండాల నుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకుని బస్సెక్కేవాళ్లలో మనవాళ్లు ఉంటారు.

మునిసిపాలిటీ పరిధిలో ఇల్లు కట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి కావాలంటే ప్లాను మీద లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ సంతకం ఉండాలి. అందరూ ఎల్‌టీపీ అంటారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఆయన లాగిన్ నుంచే పోవాలి. చట్టం ఉద్దేశం ఏంటంటే చదువుకున్న మనిషి ఒకరు స్థలం చూసి, నేల చూసి, రోడ్డు వెడల్పు కొలిచి, ఇంటాయన అవసరం తెలుసుకుని ప్లాను తయారు చేయాలి. దానికి బాధ్యత నాది అని సంతకం పెట్టాలి.

సంతకం అద్దెకి పోయే చోట ఏమవుతుందో మీలో చాలామందికి తెలిసిందే. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి దగ్గర పాత ప్లానుల ఫైళ్లు ఉంటాయి. 30 ఇంటూ 40 తూర్పు వాకిలిది ఒకటి, ఉత్తరం వాకిలిది ఒకటి. పేరు మార్చు, సర్వే నంబరు మార్చు, అయిపోయింది. ఎల్‌టీపీ వేరే ఊర్లో ఉంటాడు. ఆయన యూజర్ ఐడీ, పాస్‌వర్డు షాపులోనే ఉంటాయి. స్థలం మొహం ఎల్‌టీపీ చూడడు, ఎల్‌టీపీ మొహం ఇంటాయన చూడడు. ఫీజులో కొంత అటు, కొంత ఇటు.

అందరూ ఇట్లాగే చేస్తారని అనడం లేదు. ఎండలో టేపు పట్టుకుని నాలుగు మూలలూ కొలిచి, "ఇక్కడ నేల మెత్తగా ఉంది, ఫుటింగ్ లోతు పెంచాలి" అని ఇంటాయనతో గొడవపడే ఇంజనీర్లు ఉన్నారు. సంతకాన్ని అద్దెకిచ్చేవాళ్ల వల్ల ముందు నష్టపోయేది వాళ్లే. పని చేసి ఫీజు అడిగేవాడు ఎక్కువ అడిగినట్టు కనిపిస్తాడు, పని చేయనివాడు చౌకగా కనిపిస్తాడు.

ఇంతకీ ఒక ప్లాను కాపీ కొడితే ఏమవుతుంది? గదులు అవే, గోడలు అవే కదా? ఇక్కడే చాలామంది పొరబడేది.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు తీసుకోండి. గుంట మగ్గమైతే నేలలో గుంట తవ్వాలి. పునాదికి ఎంత దగ్గర తవ్వుతున్నామో చూసుకోవాలి. మగ్గం మీద జకార్డు పెట్టాలంటే పైకప్పు ఎత్తు కావాలి. మరమగ్గమైతే పొద్దస్తమానం అదురు. కాపీ ప్లానులో ఆ గదికి "బెడ్‌రూమ్" అని రాసుంటుంది. పడుకునే గదికని వేసిన లెక్క, మగ్గం గదికి సరిపోతుందా? ఒక్కసారి ఆ ఇంటికి పోయి చూసినవాడు ఆ ప్రశ్న అడుగుతాడు. చూడనివాడికి ఆ ప్రశ్నే రాదు.

పెనుకొండలో అద్దె గదులు తీసుకోండి. ఇప్పుడు గ్రౌండ్ ప్లస్ వన్ అంటారు. రెండేళ్లకి ఇంకోటి, ఆ పైన వంటగది, ఆ పైన నీళ్ల ట్యాంకు. లెక్క మనమే వేసుకుందాం. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం అనుకుంటే, దాని బరువు ఒక్కటే దాదాపు 29 టన్నులు. గోడలు, మనుషులు, సామాను కలపలేదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఇంకో టన్ను. ప్రతి అంతస్తుకీ ఇంత బరువు కింద పిల్లర్లలోకి, అక్కడి నుంచి ఫుటింగుల్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగాలి. పిల్లరులో ఎన్ని కడ్డీలు, ఎంత లావు, రింగులు ఎంత దూరానికి ఒకటి అన్నది ఈ లెక్కతోనే తేలుతుంది. ఈ లెక్క లేకుండా మేస్త్రీ అనుభవం మీద కడితే నిలబడిన ఇళ్లు బోలెడున్నాయి, నిజమే. కానీ అనుభవం కింది ఒకటి రెండు అంతస్తులది. తర్వాత వచ్చే మూడో అంతస్తు దానికి తెలీదు.

నేల సంగతి సరేసరి. ఎర్రనేల ఒక రకం. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. చెరువు కింద మెత్తటి నేల, గుంత పూడ్చి చదును చేసిన నేల వేరే. పక్కపక్క సైట్లలో కూడా తేడా ఉండొచ్చు. కాపీ ప్లానుకి ఈ తేడాలేవీ తెలీవు.

కదిరి మన జిల్లాలోనే ఉంది. 2021 నవంబర్‌లో విపరీతమైన వానలు పడ్డప్పుడు అక్కడ పాత ఛైర్మన్ వీధిలో, కడుతూ ఉన్న మూడంతస్తుల భవనం పక్కింటి మీద కూలింది. చనిపోయినవాళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు. వాళ్లు ఆ భవనం కట్టుకున్నవాళ్లు కాదు, అద్దెకున్నవాళ్లు కూడా కాదు. పక్కన ఉన్నవాళ్లు. ఇంటాయనకీ ఇంజనీరుకీ మధ్య వ్యవహారం మాత్రమే అనుకునే కాగితం, పక్కింట్లో నిద్రపోతున్న పిల్లలకి కూడా సంబంధించిందే.

ఇంకొన్ని గుర్తు చేసుకుందాం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన కూలీలు చాలామంది. బిల్డర్లతో పాటు ఇంజనీర్లనీ అరెస్టు చేశారు. 2016 డిసెంబర్‌లో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలింది. 11 మంది చనిపోయారు. విజయనగరం వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికొచ్చి, ఆ భవనంలోనే కాపురం ఉన్నవాళ్లు. 2025 మార్చి 26న భద్రాచలంలో, షెడ్యూల్డ్ ప్రాంతం నడిబొడ్డున, కడుతున్న భవనం కూలి ఇద్దరు పనివాళ్లు పోయారు.

ఇవన్నీ దొంగ స్టాంపు కేసులని కాదు. కారణాలు వేర్వేరు. భద్రాచలంలో అయితే అసలు అనుమతే లేకుండా పాత కట్టడం మీద అంతస్తులు లేపారు. మరి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, అనుమతి లేని భవనంలో లేనిది ఏంటి? కాగితమా? కాదు. లెక్క తెలిసిన మనిషి కన్ను. ఆ కన్ను ఉందని నమ్మించేదే స్టాంపు. కన్ను లేకుండా స్టాంపు ఉంటే, ఆ భవనం అనుమతి లేని భవనం కంటే కూడా ప్రమాదం. అనుమతి లేనిదాన్ని కనీసం అనుమానిస్తాం. స్టాంపు ఉన్నదాని కింద ధైర్యంగా పడుకుంటాం.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో కాన్సాస్ సిటీ అనే ఊరిలో ఒక పెద్ద హోటల్. 1981 జులై 17 సాయంత్రం, కింద హాలులో జనం నాట్యం చేస్తుంటే పైన వేలాడుతున్న రెండు నడక వంతెనలు కుప్పకూలాయి. 114 మంది చనిపోయారు. ఏం జరిగిందో విచారణలో తేలింది. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి పొడవాటి కడ్డీలు దిగుతాయి, రెండు వంతెనలూ అవే కడ్డీలకి వేలాడతాయి. కట్టేటప్పుడు సులువు కోసం దాన్ని రెండు ముక్కలు చేశారు. కింది వంతెనని పై వంతెనకి తగిలించారు. చూడ్డానికి చిన్న మార్పు. కానీ పై వంతెన అతుకు మీద బరువు రెట్టింపైంది. ఆ మార్పు ఉన్న డ్రాయింగులు ఇంజనీరు ఆఫీసుకి వచ్చాయి, ఆయన స్టాంపు పడింది, వెనక్కి పోయాయి. ఆ అతుకు లెక్క ఎవరూ వేయలేదు. ఆ డ్రాయింగులు మేము గీసినవి కాదు కదా అన్న వాదన నిలబడలేదు. స్టాంపు నీది, కాబట్టి బాధ్యత నీది అన్నారు. ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి.

ఇంకా వెనక్కి పోతే వ్యోమింగ్ అనే రాష్ట్రం. అమెరికాలో ఇంజనీర్లకి లైసెన్సు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం అదే, 1907లో. కారణం వింటే మన ఊరి కథలాగే ఉంటుంది. సాగునీటి హక్కుల కోసం ప్రభుత్వానికి ఇచ్చే మ్యాపుల మీద లాయర్లు, నోటరీలు, ఎవరు పడితే వాళ్లు ఇంజనీరు అని సంతకం పెట్టేవాళ్లు. ఆ మ్యాపులు తప్పుల తడకలు. అది చూసి విసిగిపోయిన అక్కడి ప్రభుత్వ ఇంజనీరు చట్టం తెప్పించాడు. అంటే లైసెన్సు పుట్టిందే ఎవరు పడితే వాళ్లు సంతకం పెట్టకూడదని. ఆ లైసెన్సే అద్దెకిస్తే కథ మళ్లీ మొదటికొచ్చినట్టే. అక్కడి ఇంజనీర్ల సంఘం నీతి నియమావళిలో తన ఆధ్వర్యంలో తయారుకాని ప్లాను మీద సంతకం పెట్టకూడదని నేరుగా ఉంది. దానికి వాళ్లు పెట్టిన పేరే "ప్లాన్ స్టాంపింగ్".

మరి మన దగ్గర చట్టం ఏమంటుంది? సూటిగా చెప్పాలంటే, ఉండాల్సిన చోట కొంత ఖాళీ ఉంది. ఆర్కిటెక్టులకి 1972 నాటి చట్టం ఉంది. కానీ 2020 మార్చిలో సుప్రీంకోర్టు, ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌కీ ముకేశ్ గోయల్‌కీ మధ్య కేసులో, ఆ చట్టంలోని 37వ సెక్షన్ "ఆర్కిటెక్టు" అనే పేరుని వాడుకోకుండా ఆపుతుంది తప్ప, ఆ పని వేరేవాళ్లు చేయకుండా ఆపదని తేల్చింది. డాక్టర్లకి, లాయర్లకి దేశమంతా వర్తించే చట్టం, తప్పు చేస్తే పట్టా తీసేసే వ్యవస్థ ఉన్నాయి. సివిల్ ఇంజనీర్లకి అట్లాంటి కేంద్ర చట్టం ఇంతవరకూ రాలేదు. మిగిలింది మునిసిపల్ లైసెన్సు, బిల్డింగ్ రూల్సు.

ఖాళీ ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు చేయొచ్చా? కాదు. ఇది కుర్రాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ప్లాను తప్పని తేలితే, నియమాలు ఉల్లంఘించారని తేలితే లైసెన్సు రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. భవనం కూలి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం, 5 ఏళ్ల దాకా జైలు. చట్టప్రకారం ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌ని అబద్ధమని తెలిసీ సంతకం చేస్తే అదే సంహితలో 234వ సెక్షన్ ఉంది. తప్పుడు సాక్ష్యం చెప్పినవాడికి పడే శిక్షే పడుతుంది. "నేను స్వయంగా స్థలం పరిశీలించాను" అని రాసున్న కాగితం మీద, స్థలం ఎక్కడుందో తెలియకుండా సంతకం పెట్టడం అంటే ఏంటో ఆలోచించండి.

డిజిటల్ సంతకం సంగతి ఇంకా తేలిగ్గా తీసుకుంటున్నారు. పెన్‌డ్రైవ్ లాంటి ఆ టోకెన్‌ని షాపులో ఇచ్చి, పిన్ నంబరు చెప్పి ఇంటికి పోతున్నారు. సమాచార సాంకేతిక చట్టం 2000, 42వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఆ తాళం తన అదుపులోనే ఉంచుకోవాల్సిన బాధ్యత సంతకం ఎవరి పేరున ఉందో వాళ్లది. రేపు కోర్టులో "నేను పెట్టలేదు, షాపు కుర్రాడు పెట్టాడు" అంటే అది తప్పించుకునే మాట కాదు. ఇంకో తప్పు ఒప్పుకున్నట్టు.

పైగా కాలం ఎటు పోతోందో చూడండి. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది, చిన్న ఇళ్లకి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025లో మరీ ఎత్తైనవి కాని భవనాలకి స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చారు. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గుతుంది, లంచం తగ్గుతుంది. మంచిదే. కానీ ఇంతకుముందు ఎల్‌టీపీ సంతకం తర్వాత కనీసం ఒక అధికారి చూసే అవకాశం ఉండేది. ఇప్పుడు చాలా చోట్ల మొదటి సంతకమే ఆఖరి సంతకం. అది కూడా అద్దెదైతే ఆ భవనాన్ని చూసినవాడు ఎవడూ లేడు.

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "సీనియర్ ఇంజనీరు ప్రతి గీతా తానే గీయాలా? జూనియర్ గీసింది సంతకం పెడితే తప్పా?" తప్పు కాదు. పెన్సిలు ఎవరు పట్టుకున్నారన్నది విషయం కాదు. పని మొదటి నుంచీ నీ కింద జరిగిందా? మార్చమంటే మార్చే అధికారం నీకుందా? ఏ పిల్లరుకి ఎన్ని కడ్డీలో, ఎందుకో అడిగితే చెప్పగలవా? చెప్పగలిగితే ఆ ప్లాను నీదే. ఎవరో గీసి తెచ్చిన ప్లాను కూడా నీ ముందుకొస్తే, స్థలానికి పోయి చూసి, లెక్క మళ్లీ వేసి, తప్పులు దిద్ది, అప్పుడు బాధ్యత తీసుకోవచ్చు. ఆ పనికి టైము పడుతుంది, ఫీజు పడుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే అది పరిశీలన కాదు.

రెండోది ఇంకా గట్టి ప్రశ్న: "మూడు సెంట్లలో రెండు గదులు వేసుకునే పేదోడు ఇంజనీరు ఫీజు యాడ నుంచి తెస్తాడు? చౌక సంతకం లేకపోతే వాడి ఇల్లే లేదు." ఈ మాట అన్నవాళ్లని తిట్టే పని లేదు. మనందరి ఇళ్లలో ఉన్న బాధే ఇది. కానీ చౌక సంతకం పేదోడికి ఇచ్చిందేంటి? కాగితం. ఇల్లు గట్టిగా ఉంటుందన్న హామీ కాదు. డబ్బున్నోడు సొంతంగా ఇంజనీరుని పెట్టుకుంటాడు, సంతకం ఎవరిదైనా వాడి ఇల్లు నిలబడుతుంది. పేదోడికి ఆ ఒక్క స్టాంపే రక్షణ. దాన్నే డొల్ల చేసి, పేదోడికి మేలు చేశామనడం ఏం న్యాయం? పరిష్కారం వేరే చోట ఉంది. చిన్న ఇళ్లకి నేల రకాన్ని బట్టి నాలుగైదు నమూనా ప్లానులు, పూర్తి కడ్డీల లెక్కతో సహా, మునిసిపాలిటీయే ఉచితంగా ఇవ్వొచ్చు. స్థలం చూసేదానికి ప్రభుత్వమే ఇంజనీరుని పంపొచ్చు. ఒకే నమూనా వందమంది వాడుకోవడం తప్పు కాదు. దాన్ని తయారుచేసినవాడు, స్థలానికి సరిపోతుందని చూసినవాడు నిజంగా ఉండాలి. మనం అడగాల్సింది అది.

ఈ ప్రాంతానికి అడగడం కొత్తేం కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది ఈ అనంతపురం గడ్డ మీదే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంలో మనకి బాగా తెలిసిన ఒక పుస్తకం ఉంది, ఎం-బుక్. తవ్విన మట్టి కొలతలు రాసే పుస్తకం. పని దగ్గరికి రాకుండా, టేపు పట్టకుండా ఎం-బుక్‌లో కొలత రాసి సంతకం పెడితే ఏమవుతుందో తాండాలో ఆడవాళ్లని అడగండి. కూలి పడిపోతుంది. కొలవని మట్టికి సంతకం, చూడని స్థలానికి స్టాంపు, రెండూ ఒకటే జాతి. సామాజిక తనిఖీల్లో ఆ లెక్కలు ఊరందరి ముందు గట్టిగా చదివించడం మొదలుపెట్టాక, చదువురాని వాళ్లు కూడా లేచి "ఆ గుంత అంత లోతు లేదు" అన్నారు. కాగితం మీద రాసింది నలుగురి ముందు చదివితే అబద్ధం దాక్కోలేదని మన ఊళ్లే నేర్చుకున్నాయి. ఆ పాఠాన్ని ఇప్పుడు పట్టణాలకి తీసుకుపోవాలి.

ఏం చేయొచ్చు? పెద్ద పెద్ద మాటలొద్దు, చేయగలిగేవి చెప్పుకుందాం.

ఇల్లు కట్టుకుంటున్నారా? ప్లాను మీద ఎవరి సంతకం ఉందో పేరు అడగండి. ఆయన ఒక్కసారైనా స్థలానికి రావాలని పట్టుబట్టండి. రాను అంటే ఆ సంతకం మీకొద్దు. తర్వాత ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ముందే చెప్పండి, పునాది దానికి తగ్గట్టు వేయించుకోండి.

కూలికి పోతున్నారా? సైటులో అనుమతి కాగితం, ఇంజనీరు పేరు ఎక్కడా కనిపించకపోతే, మేస్త్రీని ఒక మాట అడగండి. స్లాబు సరిగ్గా గట్టిపడకముందే సెంట్రింగ్ పీకమంటే, పిల్లరు పగులుతుంటే, పని ఆపే హక్కు మీ ప్రాణానికి ఉంది. ఒక్కరే అడిగితే పనిలోంచి తీసేస్తారు. పదిమంది కలిసి అడగండి.

చదువుకున్న పిల్లలు, ఊరికే ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లు, మీకొక పని. మీ వీధిలో లేస్తున్న పెద్ద భవనం ప్లాను కాపీ, దాని మీద సంతకం పెట్టిన ఎల్‌టీపీ వివరాలు సమాచార హక్కు చట్టం కింద మునిసిపాలిటీని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రతి సైటు ముందూ ఎల్‌టీపీ పేరు, లైసెన్సు నంబరు, అనుమతి ఎన్ని అంతస్తులకో పెద్ద బోర్డు మీద తెలుగులో రాయాలని హిందూపురం, ధర్మవరం, పెనుకొండ మూడు చోట్లా డిమాండు పెట్టండి. పేరు నలుగురికీ కనిపించే చోట ఉంటే అద్దెకిచ్చేదానికి చెయ్యి వణుకుతుంది.

చివరిగా, మన ఇంజనీరు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. మీ మీద ఒత్తిడి ఏ రకంగా ఉంటుందో తెలుసు. ఇంటి దగ్గర అప్పు ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీలో సర్టిఫికెట్లు ఆపి ఉంటారు. ఆఫీసు అద్దె కట్టాలి. పని తెచ్చిచ్చే పెద్దమనిషి అడిగితే కాదనడం కష్టం. "నీ జాతోళ్లకి పని ఇచ్చిందే మేము" అని కూడా అంటారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఏదైనా కూలినప్పుడు ఇంటి యజమానీ, షాపు యజమానీ, తెర వెనక ఉన్న కాంట్రాక్టరూ పక్కకి తప్పుకుంటారు. కాగితం మీద మిగిలేది మీ పేరే. పోలీసులు వచ్చేది మీ తాండాకే.

కానీ భయం కోసమే వద్దని చెప్పడం లేదు. ఆ పట్టా మీ ఒక్కరి కష్టం కాదు. హాస్టల్లో పురుగుల అన్నం తిన్న రోజులు, కూలికి పోయి ఫీజు పంపిన అమ్మ, రిజర్వేషన్ కోసం తరాల కొట్లాట, అన్నీ కలిస్తే ఆ లైసెన్సు. మన జాతిలో మొదటిసారి ఒకరి మాటకి, "ఈ భవనం నిలబడుతుంది" అన్న మాటకి, చట్టంలో విలువ వచ్చింది. ఆ విలువని ప్లానుకింత అని అమ్మితే, కొన్నాళ్లకి దాన్ని కొనేవాడు కూడా ఉండడు.

తాత వేలిముద్ర వేసిన రోజు, పక్కన కూర్చుని ఆ కాగితం చదివి వినిపించేవాడు ఒక్కడున్నా మన భూమి మిగిలేది. ఆ మనిషి లేకపోయాడనే కదా మిమ్మల్ని చదివించింది. ఇప్పుడు ఎవరో ఒక ప్లాను తెచ్చి మీ ముందు పెట్టి "ఒక్క సంతకమే కదా" అంటారు. ఆ కాగితం కింద ఒక కుటుంబం పడుకోబోతోంది. చదవండి. స్థలానికి పోయి చూడండి. లెక్క వేయండి. అప్పుడు మీ పేరు రాయండి. లేదంటే ఆ కాగితాన్ని వెనక్కి తోసేయండి.